జాజ్ మేళనములందు వాద్యము పలుకు మాట

బెంగుళూరు పేటలో చిక్కపేట చేరువనున్న బళేపేట, పేరునుబట్టి గాజుల అంగడివీథి. కన్నడమున బళె యనగా గాజు. నేడు ఆ వీథికి పేరు తెచ్చినవి సంగీత వాద్యముల అంగళ్లు. తంబుర, వీణ, మృదంగముల సరసనే గిటారులును డ్రమ్ములును కొనువారికై యెదురు చూచుచుండును. తెలుగు కుటుంబములవారు పిల్లవానిని వెంటబెట్టుకొని అచ్చటికి వచ్చునప్పటికి, వీణ కొనవలెనా గిటారు కొనవలెనా యను వాదము ఇంటివద్దనే తీరియుండుట అరుదు. గిటారు పట్టిన పిల్లవాడు మన సంగీతమునకు దూరమగునని పెద్దల భయము. వీణ పట్టినచో తోడివారికి దూరమగుదునని పిల్లవాని భయము. రెండును వాద్యమునుబట్టి సంగీతమును నిర్ణయించుటవలన పుట్టిన భయములే. జాజ్ విద్వాంసులతో కలిసి పేరు గాంచిన దక్షిణదేశ కళాకారుల చరిత్రలు పరిశీలించినచో ఈ నిర్ణయము నిలువదు.

చార్లీ మరియానో 1923లో అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. చార్లెస్ మింగస్ బృందమున సాక్సొఫోను వాయించి జాజ్ లోకమున స్థిరమైన స్థానము సంపాదించిన పిదప, మలేషియాలో నాదస్వరము విని, ఆ నాదమునకు లొంగి, దానిని చేబట్టి సాధన చేసెను. దక్షిణ కన్నడమున నాదస్వర విద్వాంసుడైన తనియప్ప కుమారుడు కద్రి గోపాలనాథ్ కథ దీనికి ఎదురు నడచినది. మైసూరు రాజాస్థానపు బ్యాండులో సాక్సొఫోను విని, అతడు తండ్రి వాద్యమును విడిచి పరదేశపు వాద్యమును పట్టెను. గమకమునకు లొంగునట్లు దానిని మార్చుకొనెను. 1980లో బొంబాయి జాజ్ ఉత్సవమున అతని వాదనము విన్న అమెరికా సాక్సొఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీ, తానును కలిసి వాయించెదనని కోరెను. పుట్టుకనుబట్టి కళాకారుని లెక్కగట్టువారు ఇచ్చట చిక్కుపడక తప్పదు.

తెలుగువారి దృష్టాంతము ఉప్పలపు శ్రీనివాస్. 1969లో పాలకొల్లున జన్మించి, బాల్యముననే తండ్రి సత్యనారాయణ మేండొలిన్ చేబట్టినవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాయకుడు. ఆయనకు మేండొలిన్ వాయించుట రాదు. కావున ఆయన పాడుచుండెను, బాలుడు విన్నదానిని తీగలపై వెదకికొనుచుండెను. తనకు రాని వాద్యమును శిష్యునకు నేర్పిన గురువు! ఈ చరిత్రలో మిక్కిలి విలువైన విషయమిదియే గాని, శ్రీనివాస్ బాలమేధావియని చెప్పువారు దీనిని ఒక్క వాక్యమున దాటిపోవుదురు. వ్రేళ్లకు ఆదర్శముగా నిలిచినది మరియొక మేండొలిన్ కాదు, మానవ కంఠము. జంట తీగలను తొలగించి ఒంటి తీగలు అయిదు కట్టుకొనుటయు, విద్యుత్తు సాయము తీసికొనుటయు ఆ కంఠమువలె నాదమును సాగదీయుటకే. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున మొదటి కచేరీ చేసిన ఆ బాలుడు 1983లో బెర్లిను జాజ్ ఉత్సవ వేదిక నెక్కెను. ఎక్కినది జాజ్ వేదికయే గాని, చేతిలోనిది పాటయే.

కర్ణాటక సంగీతమున గాయకుడు పాడు కృతినే వైణికుడును వాయించును. త్యాగరాజ కృతులలో అధికభాగము తెలుగు. మాట విరుపునుబట్టి, అక్షరపు దీర్ఘమునుబట్టి, ద్విత్వమునుబట్టి మీటు పడవలెను. ఎరిగిన శ్రోత మీటు విని మాటను పోల్చుకొనును. కావున జాజ్ తోడి మేళనమున ప్రమాదము రాగశుద్ధికి మాత్రమే కలదనుట సగము మాట. రాగము చెడకయే, వాద్యము లోలోపల పలుకు తెలుగు మాట మాసిపోవచ్చును. దానిని అడుగువారే లేకున్నారు.

జాజ్ స్వభావము మాటకు విరోధియని తలంచుట పొరపాటు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1926 నాటి రికార్డున అర్థములేని అక్షరములతో, తన బాకా పలికినట్లే పాడెను. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందములోనివారు బాకా నోటికి రబ్బరు మూత అడ్డుపెట్టి దానిచే మనుష్యునివలె గొణిగించిరి, ఏడిపించిరి. 1960 దశకమున జేమ్స్ బ్రౌన్ తీర్చిన ఫంక్ పద్ధతిలో ఆవర్తపు మొదటి దెబ్బకు గల పట్టు మన సమమునకు దూరపు చుట్టము. అందును కంఠము తాళవాద్యమై మెలగును. రెండు దిక్కులను వాద్యమునకు గురువు గొంతే.

ఈ గీటురాయిపై గీచినచో 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి శ్రీనివాస్ వెలువరించిన ‘డ్రీమ్’ తేలికగా తూగును. ఎలెక్ట్రానిక్ నాదములు మంచువలె క్రమ్ముకొని, మేండొలిన్ శ్రావ్యమై యుండియు, మీటునకు మీటునకు నడుమ నుండవలసిన విరుపు కరిగిపోయినది. జాన్ మెక్లాఫ్లిన్, జాకిర్ హుస్సేనులతో ‘రిమెంబర్ శక్తి’ బృందమున వాయించినది ఇంతకంటె మేలు. అందును వేగపు పందెము లేకపోలేదు గాని, నెమ్మదించినచోట్ల పాలకొల్లు పాఠము స్పష్టముగా వినవచ్చును. 2014లో నలువదియైదేండ్లకే అతడు గతించుట ఆ పాఠమునకు తీరని లోటు.

బెంగుళూరునందే దీనికి మరియొక ఉదాహరణము కలదు. 1949 వరకు పేటకును దండునకును వేర్వేరు పురపాలక సంఘములుండెడివి. పడమటి బ్యాండులు దండునకు, కచేరీలు పేటకు అను అలవాటు ఆ తరువాతను చాలకాలము పోలేదు. మార్దంగికుడు టి. ఎ. ఎస్. మణి 1964లో స్థాపించిన కర్ణాటక తాళవాద్య కళాశాల ఆ గోడను లక్ష్యపెట్టలేదు. జర్మనీ దేశపు ఎంబ్రియో బృందముతో కలిసి వాయించిన పిదప, ఈ కళాశాలవారు 1983లో మరియానోతో ‘జ్యోతి’ యను రికార్డు చేసిరి. అది ఆర్. ఎ. రామమణి గాత్రముతో ఆరంభమగును. అంతటి అనుభవశాలి యయ్యు మరియానో ఆమె వెనుక నడచుటకు సిగ్గుపడలేదు; ఆమె విడిచిన చోటునుండి అందుకొని, ఆమె ఊపిరి తీసినచోట తానును ఆగును. ఇట్టి మేళనములందు ఇంత వినయముగల సాక్సొఫోను అరుదు.

ఇటలీలో జన్మించి అమెరికాలో పెరిగిన రుద్రేశ్ మహంతప్ప తల్లిదండ్రులు కర్ణాటకమువారు. అతనికి గోపాలనాథ్ వాదనము ఇంటినుండి రాలేదు. జాజ్ విద్యార్థిగానున్నపుడు సోదరుడు పరిహాసమునకై ఇచ్చిన రికార్డువలన వచ్చినది. 2008లో వారిరువురును కలిసి వెలువరించిన ‘కిన్స్‌మెన్’ లో విజయనగరపు ఆడపడుచు అవసరాల కన్యాకుమారి ఫిడేలు వాయించెను. సాక్సొఫోనులు రెండును ఒకే జాతివి. అయినను ఎవరిదెవరిదో మొదటి పలుకుననే తెలియును. ఒకడు పాడును, మరియొకడు వాదించును. కన్యాకుమారి కమాను ఆ పాటకు వంత పలుకుచు, ఆ వాదమునకు బదులు చెప్పుచు, ఇద్దరి నడుమ సాగును.