ఇంటి రికార్డింగుకు వినేవాళ్లు కావాలి

గిటార్, ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ ఉంటే మెట్‌పల్లిలోనో కోరుట్లలోనో ఒక పడకగదిలోనే మెటల్ పాట రికార్డు చెయ్యొచ్చు. హైదరాబాద్ స్టూడియో ఖర్చు తప్పింది. దాంతోపాటు "ఇది మళ్లీ వాయించండి" అని చెప్పే ఇంజనీరు కూడా లేకుండా పోయాడు. ఆ లోటును పూడ్చగలిగేది మంచి విమర్శ ఒక్కటే. ఇంటి రికార్డింగు బాగోగులను పరికరాల ధర కన్నా, బృందం తన పాటను ఎవరికి వినిపించింది, వాళ్లను ఏం అడిగింది అన్నదే ఎక్కువగా తేలుస్తుంది.

మెటల్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1982లో మెటాలికా చేసిన ఏడు పాటల డెమో 'నో లైఫ్ టిల్ లెదర్', అభిమానులు కాపీలు తీసి పోస్టులో పంపుకున్న క్యాసెట్లుగా ఊళ్లు దాటింది. న్యూజెర్సీలో రికార్డుల దుకాణం నడిపే జాన్ జజులా చెవిన పడింది. ఆయన చొరవతో మరుసటి ఏడాదే బృందం తొలి ఆల్బమ్ వచ్చింది. ఫ్లోరిడాకు చెందిన చక్ షుల్డినర్ 1984 నుంచి డెమో మీద డెమో చేశాకే 1987లో డెత్ బృందం తొలి ఆల్బమ్ తెచ్చాడు. హైదరాబాద్ డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ కూడా 2016లో, 2018లో ఈపీలు (చిన్న ఆల్బమ్‌లు) తెచ్చి, 2021లో పూర్తి ఆల్బమ్‌కు వెళ్లింది. ఈ సంప్రదాయంలో వినిపించడం అంటే ప్రచారం ఒక్కటే కాదు, పాట తయారీలో అదీ ఒక దశే.

అయితే "ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అన్న జవాబే వస్తుంది. ప్రశ్న సూటిగా ఉండాలి. రెండో చరణంలో మాటలు తెలుస్తున్నాయా? డబుల్ బాస్ డ్రమ్ దెబ్బలు విడివిడిగా వినిపిస్తున్నాయా? రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) మారిన చోట వేగం జారిందా? గిటార్ రొదగా మారిందా? ఒకే రిఫ్‌ను రెండుసార్లు విడిగా వాయించి ఎడమకొకటి, కుడికొకటి పెడితే ఒక్కో ట్రాకుకు గెయిన్ (గిటార్ శబ్దానికి ఇచ్చే గరుకు) తక్కువే చాలు. ఎక్కువైతే మీటు పోయి రొద మిగులుతుంది. బాస్ గిటార్ మంద్ర తీగ మామూలు శ్రుతిలో 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, కిక్ డ్రమ్ బరువూ ఆ దాపులదే. ఫోన్ స్పీకర్ ఆ లోతును పలికించలేదు. చిన్న గది దాన్ని ఒక మూల ఉబ్బిస్తుంది, ఇంకో చోట మింగేస్తుంది. గోడలకు బొంతలు కట్టినా ఆ అడుగు శబ్దం పెద్దగా తగ్గదు. అందుకే ఒకే మిక్స్‌ను ఒకరు ఫోన్‌లో, ఒకరు ఇయర్‌ఫోన్లలో, ఒకరు కారులో వినాలి. రెండు మిక్సులు పోల్చమన్నప్పుడు శబ్ద స్థాయి సమానం చెయ్యాలి, లేకపోతే గట్టిగా మోగేదే మేలనిపిస్తుంది.

మెటల్ వినేవాళ్లే లేని ఊళ్లో ఎవరిని అడగాలన్నది మొదటి అభ్యంతరం. ఈ ప్రాంతంలో చెవులకు కొరత లేదు. వేములవాడ దగ్గరి హన్మాజిపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారులు నిలబెట్టిన ఒగ్గుకథలో కథకుడి పక్కన వంత ఉంటాడు. అతను ప్రశ్నిస్తాడు, మాట అందిస్తాడు, కథ పట్టు సడలనివ్వడు. అలా వినేవాడి పని ప్రదర్శనలోనే భాగమైంది. కంప్యూటర్‌లో రాసిన డ్రమ్స్‌లో ప్రతి దెబ్బా ఒకే బలంతో పడితే, ఆ నిర్జీవత్వాన్ని ఒగ్గుడోలు కళాకారుడు ఇట్టే పట్టగలడు. మెటల్ డ్రమ్స్‌లోని బ్లాస్ట్ బీట్ అన్న పేరు అతనికి తెలియనక్కర్లేదు.

మొరటుతనమే మెటల్ అందం, దాన్ని దిద్దడమెందుకన్నది రెండో అభ్యంతరం. నార్వే బృందం డార్క్‌త్రోన్ 1994లో విడుదల చేసిన 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'ను నాలుగు ట్రాకుల యంత్రం మీద ఇంటి దగ్గరే రికార్డు చేసిన మాట నిజమే. కానీ ఆ గరుకుతనం కావాలని ఎంచుకున్నది, ఆల్బమ్ అంతటా ఒకే తీరున ఉంటుంది. కోరి తెచ్చుకున్న గరుకుకూ చేతకాక వచ్చిన గరుకుకూ తేడా తెలియాలంటే బృందం తన ఉద్దేశం ముందే చెప్పి, అది అందిందా అని అడగాలి. పదిమంది మాటా వింటే సొంత గొంతు పోతుందన్న భయానికీ జవాబుంది. ముగ్గురు ఎవరికి వారు విని ఒకే చోట తడబడితే లోపం అక్కడుంది. దానికి వాళ్లు సూచించిన మందు మాత్రం తప్పు కావచ్చు. లోపాన్ని చూపేది శ్రోతలు, సరిచేసే తీరును ఎంచుకునేది బృందం.

క్యాసెట్ల కాలాన్ని నడిపింది ఇచ్చిపుచ్చుకోవడం: ఒక టేపు కావాలంటే ఇంకొకటి పంపాలి. ఆ నియమం ఇప్పుడూ పనికొస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి కుర్రాళ్లు తమ పాట వినమని కోరేముందు ఎదుటివాళ్ల పాటను పూర్తిగా విని, ఏ నిమిషంలో ఏం వినబడిందో రాసివ్వాలి. ఇతరుల మిక్స్‌లో రొదను గుర్తుపట్టడం అలవాటైన చెవి తన మిక్స్‌లోనూ దాన్ని క్షమించదు.