దగ్గరైతే చాలా?

క్యూలంటే నాకెంత ఒళ్లుమంటో ఈ కాలమ్ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకే మొజాంబిక్‌లోని టెటె రాష్ట్రం కథ చదివి ఈ వారం తెగ సంబరపడ్డాను. హెచ్‌ఐవీ మందుల కోసం అక్కడి జనం చాలా దూరం వెళ్లి, ఆస్పత్రి దగ్గర పడిగాపులు కాసేవారు. 2008లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ అండతో ఆరుగురి దాకా కలిసి జట్లు కట్టారు. నెలకొకరు వంతులవారీగా ఆస్పత్రికెళ్లి తాను చూపించుకుని, మిగతావాళ్ల మందులూ తెచ్చిపెడతారు. 2011లో వచ్చిన లెక్కల్లో 97 శాతానికి పైగా చికిత్సలోనే ఉన్నారు. ఆరోగ్యం కుదుటపడ్డవాళ్లనే చేర్చుకున్నారు కాబట్టి ఆ అంకెను కాస్త తగ్గించే చదువుకోవాలి. అయినా గొప్పే.

మనకూ ఇలాంటివి రావాలని రాయబోతూ, మావైపు పరిచయమున్న ఒకావిడకు ఫోన్ చేశాను. ఆమె బస్సెక్కి హెచ్‌ఐవీ మందులిచ్చే పక్క జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌కు వెళుతుంది. ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు దేశం మొత్తమ్మీద ఉన్నవి ఎనిమిదే కేంద్రాలు. ఇప్పుడు దూరాభారం తగ్గించడానికి లింక్ సెంటర్లు కూడా ఉన్నాయి.

‘‘దగ్గర్లోనే ఇస్తున్నారు కదమ్మా?’’ అన్నాను.

‘‘ఇస్తారండీ. అక్కడ మందులిచ్చే పిల్ల మా ఆడబిడ్డకు తోటికోడలు.’’

పోనీ మూడు నెలలవి ఒకేసారి తెచ్చుకోవచ్చుగా అంటే, అత్తగారింట్లో మూడు డబ్బాలు ఎక్కడ దాచనంది. సెంటర్ బయటే డబ్బా మీది కాగితం గీకేసి, బిళ్లలను కాల్షియం సీసాలో పోసి, బస్సు కుదుపులకు గలగలలాడకుండా పైన దూది కుక్కుతుందట. ఆ క్యూలోనే ఇద్దరు స్నేహితురాళ్లున్నారు. అన్నీ మాట్లాడుకునేది వాళ్లతోనేనట.

వైద్యవిధానాలను బేరీజు వేసేవాళ్లు కిలోమీటర్లూ, ఎదురుచూసిన గంటలూ, వైరల్ లోడ్ ఫలితాలూ లెక్కగడతారు. అన్నీ కావలసినవే. కానీ ఆ పట్టికలో ఆమె బస్సు ప్రయాణం నష్టం కిందికే వస్తుంది. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఆడబిడ్డ తోటికోడలు కౌంటర్లో కూర్చుంటే చట్టమేం చేస్తుంది?

కాబట్టి, క్యూల మీద నా కసి అలాగే ఉన్నా, ఈ ఒక్క క్యూ జోలికి నేను పోను. ఇంటికి పంపండి, మూడు నెలలవి ఇవ్వండి, ఊళ్లోనే పంచండి, ముందు అడిగి. టెటెలో ఆ జట్లను కూర్చింది డాక్టర్లు కాదు. ఎవరితో కలవాలో వాళ్లే ఎంచుకున్నారు.