టీచరమ్మ చేతి నేర్పు

చిత్తూరు పల్లెల్లో కూలికి పొయ్యే తల్లి బిడ్డను నమ్మి వదిలేది అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర. బిడ్డను తూచి ఎదుగుదల చార్టులో ఆమె చుక్క పెడుతుంది. చుక్క కిందికి జారితే చాలు, బిడ్డ చిక్కుతున్నాడని డాక్టరు కంటే ముందే పసిగడుతుంది. గుడ్డు వద్దని మొండికేసే పిల్లకు కథ చెబుతూ తినిపించే ఒడుపు ఏళ్ల తరబడి చేస్తేనే అబ్బుతుంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) నిలబడింది ఈ నేర్పు మీదే.

ఇంత పనికి 2023లో ఇచ్చింది నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనమా? అది పెంచమనే ఆ ఏడాది డిసెంబరులో రాష్ట్రమంతా టీచరమ్మలు సమ్మెకు దిగి 42 రోజులు నిలిచారు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కుందని 2022లోనే సుప్రీంకోర్టు తేల్చింది. శిక్షణకు ఖర్చుపెట్టే సర్కారు, చేయి తిరిగిన టీచరమ్మను నిలుపుకోవడానికీ అంతే ధారాళంగా ఖర్చుపెట్టాలి.