రాతిరొయ్య వండే చెయ్యి

విశాఖ ఆర్‌కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే దారిలో లాబ్‌స్టర్, అంటే రాతిరొయ్య, వండే హోటళ్లున్నాయి. రుచిని అందరూ మెచ్చుకుంటారు, వంటమాస్టర్‌ని అడిగేవాళ్లు తక్కువ.

మన రాతిరొయ్యకు అమెరికా లాబ్‌స్టర్‌లా పెద్ద డెక్కలుండవు. కండంతా తోకలోనే. అక్కడ చెడితే ఇక తినడానికేం మిగలదు! మాస్టర్ దాన్ని వీపు పట్టి ఎత్తుతాడు. తోక టపటపా కొట్టుకుంటే తాజాది. నిలువునా చీల్చి, నల్లనరం లాగేసి, ఉప్పూ పసుపూ పట్టిస్తాడు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి వేగి నూనె తేలాకే ముక్క వేస్తాడు. పెంకు ఎర్రబడి, కండ పాలలా తెల్లబడగానే దించాలి. కాస్త ఆలస్యమైతే రబ్బరే. ఆ క్షణాన్ని కంటితో పట్టుకోవడమే అసలు విద్య.

బటర్ గార్లిక్, చీజ్ రకాలూ బాగుంటాయి. నా ఓటు మాత్రం ఈ ఇగురుకే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో రాతిరొయ్య దొరకలేదంటే విసుక్కోకండి. ఎప్పుడైనా సరే, పొట్ట కింద గుడ్లున్నదీ, అరచేతిలో ఇమిడే పిల్లదీ చూపిస్తే వద్దనండి.