బందరు తీర ప్రేతకథనాలు: సమాధి ఉన్నవారు, లేనివారు

తీరాంధ్ర దయ్యాల కథలను మూఢవిశ్వాసాల పద్దులో చేర్చి వదిలివేయడం పరిపాటి. నమ్మదగినవా కావా అన్న చర్చలో పడితే అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరుగున పడుతుంది: చనిపోయినవారిలో ఎవరు కథగా మిగులుతారు?

జానపద విశ్వాసం ప్రకారం దహన ఖననాలకు, పిండోదకాలకు నోచుకోనివారు ప్రేతాలై తిరుగుతారు. ఆ లెక్కన బందరు తీరంలో అడుగడుగునా ప్రేతాలే ఉండాలి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. అయినా బందరు పాతకథలు అనగానే ముందుగా వినిపించేది వారి ప్రస్తావన కాదు, అరబెల్లా రాబిన్సన్ పేరు.

1809లో మరణించిన ఈ యువతిని సైనికాధికారి జాన్ పేటర్ ప్రేమించాడని, ఆమె దేహాన్ని చెడిపోకుండా గాజుపెట్టెలో భద్రపరచి వచ్చి చూసుకునేవాడని చెప్పుకుంటారు. ఆమె సమాధి ఉన్నచోటనే సెయింట్ మేరీస్ చర్చి వెలసింది. గాజుపెట్టె ముచ్చటలో ఈ కథకు మూలమైన అంశం తరచు కొట్టుకుపోతుంది. మతశాఖ వేరన్న కారణంతో ఆమెకు శ్మశానంలో చోటు నిరాకరించారన్నది ఆ కథనంలోని తొలి ఘట్టం. అంటే ఇదీ ఖననం దక్కని మృతురాలి కథగానే మొదలైంది. అయితే ఆమె పక్షాన నేల కొని గుడి కట్టించగల అధికారి ఉన్నాడు. ఉప్పెన మృతులకు అటువంటి అండ లేదు. పేరు, తేదీ చెక్కిన రాయి చుట్టూ కథ అల్లుకున్నంత సులువుగా ఒక అంకె చుట్టూ అల్లుకోదు. ప్రేతకథనాన్ని అణగారినవారి స్మృతిగా మాత్రమే చదివే ధోరణికి బందరు ఉదాహరణ ఒక అభ్యంతరం.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన విషయంలో సాహిత్యం వేరే దారి పట్టింది. అక్కడ గుర్తు తెలియని శవాలను సామూహికంగా దహనం చేశారు. ఆ విషాదంపై వచ్చిన నగ్నముని దీర్ఘకవిత ‘కొయ్యగుర్రం’ ప్రేతకల్పన జోలికి పోకుండా, చలనం లేని పాలనావ్యవస్థను నేరుగా నిలదీసింది.

ఇక దివి ప్రాంతపు నిత్యవ్యవహారంలో వయసులు, పెళ్ళిళ్ళు, పొలాల సరిహద్దులు ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే మాటలతోనే నిర్ణయమవుతాయి. దయ్యాల కథలు చెప్పమని అడిగే సేకర్తకు ఈ మాటలు దొరకవు. పొలం హద్దు గురించో బిడ్డ వయసు గురించో అడిగినప్పుడు దొరుకుతాయి.