నెమలి టోపీ కింద నియమం

దీపావళి దగ్గరపడుతుంటే పాత ఆదిలాబాద్ జిల్లాలోని జైనూరు, ఉట్నూరు, ఇంద్రవెల్లి చుట్టుపక్కల గోండు గూడేల్లో నెమలి టోపీలు బయటికొస్తాయి. వాటిని ఎవరూ ఊరికే తీసి తలకు పెట్టుకోరు. ముందు పూజ జరగాలి. డప్పులు, గుమేల, పెప్రె వాయిద్యాలు కూడా పూజలో ఉంటాయి. దండారి పండుగ మొదలైందంటే పది పన్నెండు రోజులు, ముగింపు పూజ కోలబోడి దాకా, ఊళ్లో కొందరు మగవాళ్లు మామూలు మనుషులుగా ఉండరు. వాళ్లు గుస్సాడీలు.

వేషం కట్టడం దగ్గర నిలబడి చూడాలి. చొక్కా లేని ఒంటికి బూడిద పూస్తారు. మొహానికి మసి, గడ్డానికి పెట్టుడు గడ్డం. భుజం మీదుగా మేక తోలు, పాత ఇళ్లలో దాచుకున్నదైతే జింక తోలు. మెడలో రుద్రాక్షలు, పూసల దండలు. నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర. అన్నిటికంటే చివర టోపీ. వందల నెమలి ఈకల కాడలు ఒత్తుగా కూర్చి, కొమ్ములూ అద్దాలూ రంగు పట్టీలూ కట్టిన ఆ బరువును మోస్తూ గెంతాలంటే మెడ ఎంతో నిలకడగా ఉండాలి. ఇది ఒక్కడే కట్టుకోగల వేషం కాదు, పక్కన రెండు జతల చేతులైనా ఉండాలి.

టోపీ తలకెక్కాక నియమాలు మొదలవుతాయి. దీక్ష ముగిసేదాకా స్నానం లేదు. మంచం లేదు, నేల మీదే పడక. ఏత్మాసూర్ దేవుడు ఆ ఒంట్లోకి వచ్చి ఉంటాడని గోండుల నమ్మకం. నిన్నటిదాకా పత్తి చేనులో తమతోపాటు పనిచేసిన కుర్రాడి కాళ్లకు పెద్దలే మొక్కుతారు. గుస్సాడి కర్ర తాకితే జబ్బు నయమవుతుందని ఒళ్లు చూపేవాళ్లూ ఉంటారు.

అమెరికా తత్వవేత్త విలియమ్ జేమ్స్ ఇలాంటి స్థితుల గురించి ఎడిన్‌బరోలో ఉపన్యాసాలిచ్చాడు. అవే 1902లో ‘ది వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్’ అనే పుస్తకంగా వచ్చాయి. ఆయన నాలుగు గుర్తులు చెప్పాడు: ఆ అనుభవం మాటలకు అందదు, ఏదో తెలిసొచ్చిన భావన మిగులుతుంది, ఎక్కువసేపు నిలవదు, మనిషి చేతిలో ఉండదు. మూడోదాని దగ్గర ఆగాలి. అరగంట, మహా అయితే గంటా రెండు గంటలు అన్నాడాయన. మరి గుస్సాడి ఒంట్లో దేవుడు పది రోజులు ఎలా ఉంటాడు? డప్పు మోగినప్పుడు లేచే ఊపు జేమ్స్ అన్నట్టే వస్తుంది, పోతుంది. దరువు ఆగాక, రాత్రి కటిక నేల మీద నడుం వాల్చినప్పుడు కూడా ఆ మనిషి గుస్సాడిగానే ఉంటాడు. అప్పుడతన్ని అలా నిలిపేది ఆవేశం కాదు, నియమం. దండారిలో అసలు విశేషం ఇదే. జేమ్స్ పుస్తకంలో మతానుభవమంటే చాలావరకు ఒంటరి మనిషి అనుభవం. ఇక్కడ ఆ ఒంటరి మనిషి ఎక్కడా కనిపించడు.

డప్పు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దరువు జోరే మనిషిని పూనకంలోకి తోస్తుందని చాలామంది అనుకుంటారు. ఫ్రెంచి సంగీత పరిశోధకుడు జిల్బేర్ రూజే 1980లో అచ్చయిన తన పుస్తకంలో ఈ అభిప్రాయాన్ని గట్టిగా ఖండించాడు. దరువుకే ఆ శక్తి ఉంటే ముందుగా ఊగాల్సింది వాయించేవాళ్లే. పూనకం వచ్చేవాడి నమ్మకం, అలవాటు, చుట్టూ ఉన్నవాళ్ల ఎదురుచూపు కలిస్తేనే సంగీతం పనిచేస్తుందన్నాడు.

పాత కరీంనగర్ జిల్లాలో ఇలాంటి పూనకానికి మరో రూపం కనిపిస్తుంది. ఓదెల మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులు నేల మీద పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, తెల్లటి పిండి, ఆకుపచ్చ పొడి, నల్ల పొడి వేళ్ల సందు నుంచి సన్నగా జారుతుంటే గళ్లు గళ్లుగా ముగ్గు విచ్చుకుంటుంది. డోలు దెబ్బ పెరుగుతుంది. దేవుడు పూనే శివసత్తులు శిగమూగుతారు. మొహాల నిండా బండారి పసుపు. అంత ఓపికగా వేసిన పట్నాన్ని చివరికి తొక్కేస్తారు, ఆ పొడిని భక్తులు ఇళ్లకు తీసుకుపోతారు. శిగం వచ్చిన మనిషిని పట్టుకోవడానికి, నీళ్లిచ్చి కూర్చోబెట్టడానికి పక్కన ఎవరో ఒకరు ఉంటారు. దేవుడు రావడానికి ఒక దారి ఉంది, పోవడానికీ ఒకటుంది. ఆ రెండో దారి తెలిసినవాళ్లను జనం అంతగా పట్టించుకోకపోవడం అన్యాయం.

మళ్లీ గోండుల దగ్గరికొస్తే, వాళ్లలో దేవుడు పలికే మనిషి గుస్సాడి కాదు, వేరొకరు. అతను భక్తల్. 1940లో కుమ్రం భీం తిరుగుబాటును అణచివేశాక, కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపితే వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురముండి ఇవన్నీ రాసిపెట్టాడు. జబ్బు ఎందుకొచ్చింది, ఏ దేవుడికి కోపం వచ్చింది అని అడిగితే భక్తల్ ఆవేశంలో చెప్తాడు. గుస్సాడికి ఆ పని లేదు. అతను ఆడాలి, ఊరు దాటి ఊరెళ్లాలి. దండారి జట్టు వస్తే రెండో ఊరివాళ్లు ఎదురొచ్చి, రామ్ రామ్ చెప్పి, అన్నం పెట్టి, రాత్రంతా కలిసి ఆడతారు. ఆడవేషం కట్టిన పోరిక్‌లు నవ్విస్తారు. పెద్దలు ఓ పక్కన కూర్చుని పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు. నీకేం కనిపించింది, ఏం తెలిసింది అని ఇక్కడ గుస్సాడిని నిలదీసే పనే లేదు. ఒంటరిగా కళ్లు మూసుకుని జీవితానికి అర్థం వెతుక్కునేవాళ్లను తక్కువ చేయనక్కర్లేదు. కానీ వాళ్లకు తోడుగా ఇలా ఒక ఊరంటూ ఉంటే ఆ వెతుకులాట ఇంత బరువనిపించదేమో.

అదే మార్లవాయి నుంచి గుస్సాడి ఆట గురువు కనక రాజు వచ్చారు. ఊళ్లోని ఆశ్రమ పాఠశాలలో వంట చేసిన మనిషి. 1982 గణతంత్ర వేడుకలకు జట్టును ఢిల్లీ తీసుకెళ్లారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఎందరో కుర్రాళ్లకు అడుగులు నేర్పి, 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. ఆయన వల్లే గుస్సాడి అనే మాట ఆదిలాబాద్ దాటి అందరి నోళ్లలో పడింది.

అయితే ఇప్పుడు మంత్రి వచ్చినా, సభ పెట్టినా ఏ నెలలోనైనా నెమలి టోపీలు వేదికెక్కుతున్నాయి. కళాకారుడికి నాలుగు డబ్బులూ గౌరవమూ దొరకడం మంచిదే, దాన్ని కాదనలేం. కానీ పది నిమిషాల ఆటకు ముందు నేల పడకా లేదు, తర్వాత కోలబోడీ లేదు. దీక్ష లేనిచోట మిగిలేది అడుగులే. పిలిచేవాళ్లు కనీసం ఊరి పెద్దలను అడగాలి, వాళ్లు వద్దన్న కాలంలో పిలవకూడదు. ఇందులో మొహమాటం పనికిరాదు.

చూడాలనుకునేవాళ్లు దండారి రోజుల్లోనే వెళ్లాలి. గూడెంలో అడుగుపెట్టగానే ఊరి పెద్ద పటేల్‌ను కలిసి అనుమతి అడగాలి, చెప్పులు విడవాలి, గుస్సాడి టోపీ మీద చెయ్యి వేయకూడదు. వీలైతే కోలబోడి దాకా ఆగాలి, టోపీ దించడానికి కూడా పూజ ఉంటుంది. దండారి జట్లు మొక్కుకు వచ్చే పద్మల్‌పురి కాకో అమ్మవారి గుడి మంచిర్యాల జిల్లా గుడిరేవులో గోదావరి ఒడ్డున ఉంది. దండేపల్లి మండలం, లక్సెట్టిపేట మీదుగా వెళ్లొచ్చు.