అజంతా 17వ గుహలోని రాహుల చిత్రం: కూర్పు, కాంతి, ఛాయ

అజంతాపై వెలువడిన గ్రంథాలలో తరచుగా కనిపించే ఒక చిత్రఖండం ఉంది. ఆభరణాలు ధరించిన తల్లి, ఆమె ముందు చేతులు చాచిన బాలుడు, పైకెత్తిన ఇద్దరి చూపులు. ‘తల్లీ బిడ్డా’ అనే పేరుతోనే అది ఎక్కువమందికి పరిచయం. ఆ ఇద్దరూ ఎవరిని చూస్తున్నారో అనేక ముద్రణలలో కనబడదు. చిత్రంలో అధికభాగాన్ని ఆక్రమించిన బుద్ధమూర్తి చట్రానికి వెలుపలే ఉండిపోతుంది. దీనివల్ల తొలగిపోయేది ఒక్క పాత్ర మాత్రమే అయితే పెద్ద చర్చ అవసరం లేదు. కాని, చిత్రకారుడు ఏ ఘట్టం కోసం ప్రమాణాన్నీ కాంతినీ అమర్చాడో ఆ ఘట్టమే దానితో తొలగిపోతున్నది.

17వ గుహ క్రీ.శ. 5వ శతాబ్ది ఉత్తరార్ధంలో, వాకాటక ప్రభువు హరిషేణుని కాలంలో, అతని సామంతుడొకడు తొలిపించిన విహారం. ఇరవై స్తంభాల మండపం, దాని వెనుక అంతరాళం, ఆ వెనుక ధర్మచక్ర ముద్రలో ఆసీనుడైన బుద్ధుని గర్భగృహం దీని నిర్మాణక్రమం. మండపంలో షడ్దంత జాతకం, సింహళావదానం వంటి కథలు గోడల పొడవునా సాగుతాయి. వాటిలో రాజసభలు, ఏనుగులు, నౌకలు, అరణ్యాలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. ఆ సమ్మర్దమంతా దాటి అంతరాళం చేరిన చూపరికి వెనుక గోడపై, గర్భగృహ ద్వారం పక్కన, ఈ చిత్రం ఎదురవుతుంది. ఇక్కడ కథను మోసేవి మూడు మూర్తులే. ఈ మితత్వమే కూర్పులో మొదటి నిర్ణయం.

ఈ ఘట్టానికి వినయపిటకంలోని మహావగ్గ ముఖ్యమైన ఆధారం. బోధి పొందిన తరువాత కపిలవస్తుకు వచ్చిన బుద్ధుని చూపి, రాహులమాత తన కుమారునితో అతడే నీ తండ్రి, వెళ్ళి నీ దాయభాగం అడుగు అని చెబుతుంది. బాలుడు వెళ్ళి ఎదుట నిలుస్తాడు. అతని నోట మొదట వచ్చిన మాట ఆస్తిని గురించినది కాదు. శ్రమణుని నీడ తనకు సుఖంగా ఉన్నదని అంటాడు. బుద్ధుడు లేచి వెళ్తుండగా వెంటనడుస్తూ దాయభాగం అడుగుతాడు. అప్పుడు బుద్ధుడు శారిపుత్రుని పిలిచి బాలునికి ప్రవ్రజ్య ఇమ్మంటాడు. మనుమణ్ణి కూడా పోగొట్టుకున్న శుద్ధోదనుని వేదన నుండే, తల్లిదండ్రుల అనుమతి లేనిదే పుత్రునికి ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం పుట్టింది. సంఘ చరిత్రలో ఇది ఒక శిక్షాపదానికి మూలమైన ఘట్టం. దీనిని కేవలం మాతృవాత్సల్య చిత్రంగా చూపడం ఎంత అసంపూర్ణమో దీనినిబట్టే తెలుస్తుంది.

చిత్రకారుడు మహావగ్గ కథనాన్ని యథాతథంగా అనుసరించలేదు. అక్కడ తల్లి కుమారుణ్ణి పంపి తాను వెనుక ఉండిపోతుంది. ఇక్కడ ఆమె కూడా ద్వారం దగ్గరకు వచ్చి బిడ్డ వెనుక నిలిచింది. బుద్ధుని చేతిలో భిక్షాపాత్ర ఉంది. దాయభాగం అడిగే సన్నివేశం, స్వపురవీథిలో తండ్రి భిక్షకు వచ్చిన సన్నివేశం ఒకే నిలుపులో కలిశాయి. ఈ కలయిక వల్ల పాత్ర అర్థం రెండింతలయింది. పుత్రుడు అడుగుతున్నాడు, తండ్రి చేతిలోనూ అడిగే పాత్రే ఉంది. ఇవ్వగలిగిన ఆస్తి అదే. మూడు మూర్తుల మధ్య చూపులూ చేతులూ కలిసే ప్రాంతంలో ఆ పాత్ర కనబడడం యాదృచ్ఛికం కాదు. తల్లీకొడుకులను మాత్రమే కత్తిరించి ముద్రించినప్పుడు చాచిన చేతులు మిగులుతాయి గాని, వాటికి సమాధానం మిగలదు.

బుద్ధమూర్తి పరిమాణం గురించి ఒక సులభమైన వివరణ ప్రచారంలో ఉంది. పూజ్యులను పెద్దగా, సామాన్యులను చిన్నగా చూపడం ప్రాచీన భారతీయ శిల్పసంప్రదాయమని, ఇదీ అటువంటిదేనని అంటారు. అది సత్యమే అయినా ఈ చిత్రానికి చాలదు. ఇదే సంప్రదాయాన్ని పాటించిన చిత్రాలు, శిల్పాలు అనేకం ఉన్నా, చూపరి తల ఎత్తక తప్పని స్థితిని అన్నీ కల్పించవు. ఇక్కడ తల్లీకొడుకుల చూపుల వాలునే చూపరి కన్ను అనుసరిస్తుంది. వారితోపాటే అతడూ పాదాల నుండి పాత్రకు, పాత్ర నుండి వంగిన ముఖానికి వెళ్తాడు. ఎవరి ఎత్తు ఎంత అన్నది తత్త్వప్రతిపాదనగా కాక, దేహానుభవంగా తెలుస్తుంది. ఏడేళ్ళ బాలునికి ఎన్నడూ చూడని తండ్రి ఎంతటివాడుగా తోచి ఉంటాడో ఆ ప్రమాణంలో బుద్ధుడు నిలిచాడు.

ఇక కాంతి. అజంతా చిత్రాలలో వెలుగు ఏదో ఒక దిక్కు నుండి వచ్చి వస్తువుల నీడలను నేలపై పరచదు. దీనిని లోపంగా భావించినవారు ఉన్నారు. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం వర్తన అనే ప్రక్రియను చెబుతుంది. పత్రరేఖలతో, సన్నని గీతలతో, బిందువులతో రంగును క్రమంగా గాఢం చేసి నిమ్నోన్నతాలను తెలిపే పద్ధతి అది. ఆ గ్రంథం అజంతాకు సూత్రగ్రంథమని చెప్పనక్కరలేదు. రెండూ ఒకే చిత్రసంస్కారానికి చెందినవి. అజంతా చిత్రకారులు అంచుల దగ్గర రంగును చిక్కబరచి, ఉబ్బెత్తు భాగాలను తేలికపరచి, నాసిక, పెదవి, చుబుకం వంటి చోట్ల తెల్లని మెరుపు ఉంచారు. వెలుగు బయటి నుండి పడుతున్నట్టు కాక, దేహం నుండే ఉబికినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఈ పద్ధతిలో రాహులుని మాటకు చోటెక్కడ? సుఖమైన నీడను గురించి బాలుడు పలికిన కథకు, నీడలు గీయని సంప్రదాయం రూపమివ్వవలసి వచ్చింది. చిత్రకారుడు బుద్ధుని ఛాయను బిడ్డ మీద గాఢవర్ణంగా పులమలేదు. బుద్ధుని శిరస్సుపై ఆకాశచారి పట్టిన ఛత్రం ఉంది. అదీ ఎవరి మీదా నీడ వేయదు. కూర్పే నీడ అయింది. కాషాయ చీవరంలో నిలిచిన నిలువెత్తు మూర్తి ఒకవైపు, ఆ ఎత్తు కింద ఒదిగిన ఇద్దరు మరొకవైపు. పెద్ద చెట్టు దగ్గర నిలిచినవారి నిలుపు అది. కాంతిని తగ్గించకుండానే నీడను చెప్పడం ఈ చిత్రం సాధించిన విశేషం. ఆ నీడలో తల్లి కూడా నిలిచింది, కాని ఆమెకు దక్కబోయేది వేరు. ఇదే విహారంలో విశ్వంతర జాతకం కూడా చిత్రితమై ఉంది. పూర్వజన్మలో బిడ్డలను దానమిచ్చిన తండ్రి కథను చూసి వచ్చిన భిక్షువుకు, ఈ తల్లి నిలుపులోని బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

శిల్పంతో పోల్చితే చిత్రకారుని బాధ్యత మరింత స్పష్టమవుతుంది. అమరావతి స్తూపం నుండి వచ్చి చెన్నై మ్యూజియంలో ఉన్న నాళాగిరి ఫలకంలో ఏనుగు ఒకే వృత్తంలో రెండుమార్లు కనిపిస్తుంది: ఒకచోట మదించి, మరొకచోట లొంగి. అక్కడ చెక్కడపు లోతులో నిజమైన ఎండ నిజమైన నీడను సృష్టించేది. స్తూపం ఆరుబయట ఉండేది. విహారపు అంతరాళానికి ఆ సౌకర్యం లేదు. ముఖమండప ద్వారాల నుండి ప్రవేశించిన వెలుగు స్తంభాలను దాటి, నేల మీద నుండి పరావర్తనం చెంది, బలహీనమై ఇక్కడికి చేరుతుంది. దీపపు వెలుగూ నిలకడ లేనిది. పెద్ద ఆకృతి, తక్కువ మూర్తులు, స్పష్టమైన అంచులు ఆ మసకలో చదవగలిగే భాష.

ఈ భాష అనంతర కాలంలో మారిపోయింది. అజంతా నిజాం రాజ్యంలో ఉన్నందున, 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తు శాఖ గులాం యజ్దానీ నాయకత్వంలో వీటి రక్షణ బాధ్యతను వహించింది. 1920 తరువాత ఇటలీ నిపుణులు ఊడిపోతున్న పూతను గోడకు నిలిపారు. ఆ సేవ గొప్పది. అయితే రంగులపై పూసిన లక్క వార్నిష్ కాలక్రమంలో పసుపుబారింది. తెలుపు పచ్చబడితే మొదట దెబ్బతినేది వర్తనే, ఎందుకంటే దాని ప్రాణం తేలిక రంగులలో ఉంటుంది. తరువాతి ఫోటోగ్రఫీ మరొక మార్పు తెచ్చింది. కృత్రిమ కాంతిని సమంగా పరచి తీసిన ఛాయాచిత్రంలో పగుళ్ళు, రాలిన చోట్లు, ఆభరణాలు ఒకే ప్రాముఖ్యంతో కనిపిస్తాయి. నమోదుకు అది అవసరమే. కాని అదే చిత్రం యొక్క కాంతి అని పాఠకుడు అనుకుంటే, విమర్శ తప్పుదారి పడుతుంది.

కనుక ఈ చిత్రాన్ని ప్రచురించేటప్పుడు మూడు మూర్తులనూ కలిపి చూపడం కనీస నియమం. గర్భగృహ ద్వారంతో కూడిన ఒక దృశ్యాన్ని పక్కన ఉంచడం ఇంకా మేలు. లోపల బోధిస్తున్న బుద్ధుడు, వెలుపల పాత్రతో నిలిచిన బుద్ధుడు ఒకే నడకలో చూపరికి ఎదురవుతారు. ద్వారం దాటబోయే భిక్షువు రాహులుడు నిలిచిన చోటి దగ్గరే ఒక క్షణం నిలుస్తాడు. అతని చేతిలోనూ పాత్ర ఉంటుంది.